వంత లేని కథ

తాత పోయి ఏడాదైన రోజు, ఇంటిముందు టెంటు కింద బాక్సులు పెట్టి ఆయన చెప్పిన మల్లన్న ఒగ్గుకథ వినిపించాను. ఇంట్లో పాత టేపురికార్డరు మీద పట్టిన క్యాసెట్ అది. హన్మకొండలో ఒక స్టూడియోకు తీసుకెళ్లి బాగుచేయించాను. దగ్గు తీసేశారు, కోడికూత తీసేశారు. వంతపాడే మనిషి గొంతు శ్రుతి తప్పుతోందని, అతను అందుకున్న చోటల్లా కోసేసి కీబోర్డు ముక్కలు అతికించమన్నది మాత్రం నేనే.

అందరూ బాగుందన్నారు. తాత వెంట ఊరూరా తిరిగిన వంత ముసలాయన చివరిదాకా విని లేచాడు. "మీ తాత ఎవలతోని మాట్లాడుతుండు బిడ్డా?" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. చాన్నాళ్లకు ఎక్కించింది జిమీ హెండ్రిక్స్. (ఒగ్గుకథకూ అమెరికా గిటారుకూ ఏం చుట్టరికమని మా తమ్ముడు నవ్వుతాడు. నవ్వనీ.) 1970 సెప్టెంబరు 18న లండన్‌లో, 27 ఏళ్లకే పోయాడు హెండ్రిక్స్. విడుదలకాని టేపులు గుట్టగా మిగిలాయి. ఆలన్ డగ్లస్ అనే నిర్మాత వాటిలోంచి 1975లో 'క్రాష్ ల్యాండింగ్' ఆల్బం తీశాడు. హెండ్రిక్స్ గొంతూ గిటారూ ఉంచాడు. పక్కన వాయించినవాళ్ల డ్రమ్స్, బేస్ చాలావరకు చెరిపేసి, కూలికి పిలిచిన వాద్యగాళ్లతో కొత్తగా వాయింపించాడు. కొన్ని పాటలకు సహరచయితగా తన పేరూ వేసుకున్నాడు. ఆల్బం బాగానే అమ్ముడుపోయింది, మా టెంటు కింద మెప్పులాగే.

2013లో మిగిలిన టేపుల్లోంచే 'పీపుల్, హెల్ అండ్ ఏంజెల్స్' వచ్చింది. 12 పాటలు. అందులో 'సమ్‌వేర్'లో అప్పుడు పక్కన వాయించినవాళ్లే ఉన్నారు: బడ్డీ మైల్స్ డ్రమ్స్, స్టీఫెన్ స్టిల్స్ బేస్. గిటారు ఒక మాట అని ఆగితే డ్రమ్ము ఊఁకొడుతుంది. ఆ ఊఁ దగ్గరే ముసలాయన ప్రశ్న గుర్తొచ్చింది.

పోయినవాళ్ల పనిని ముట్టుకోవడమే తప్పనను. మా పాలకుర్తి పక్కనే పోతన ఊరు బమ్మెర. పోతన భాగవతంలో ఐదో స్కంధం గంగన పూరించాడు, ఆరోది సింగన, పదకొండూ పన్నెండూ నారయ. ఆ స్కంధాల గద్యల్లో ఎవరి పేరు వాళ్లు చెప్పుకున్నారు. పోతన చెయ్యి ఎక్కడ ఆగిందో ఇప్పటికీ తెలుస్తుంది. నేనో, కోత ఎక్కడా కనబడొద్దని స్టూడియోవాడికి వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చాను.

నయం, అసలు క్యాసెట్ పారేయలేదు. పెన్సిలుతో రీలు బిగించి, టేపురికార్డరు పట్టుకుని ముసలాయన ఇంటికి పోయాను. నులకమంచం మీద కళ్లు మూసుకుని విన్నాడు. సగం కథలో తాత ఆగి, "ఇంటున్నవా, పండుకున్నవా?" అన్నాడు.

"ఇంటున్న, చెప్పు" అంది టేపులోని పడుచు గొంతు. కళ్లు తెరవకుండానే మంచం మీది గొంతు కూడా అంది.