అడ్రస్‌ను వెనక నుంచి చదవాలి

పీహెచ్‌పీలో అడ్రస్‌ను కామాల దగ్గర ఎక్స్‌ప్లోడ్ చేసి, మూడో ముక్కే మండలం, నాలుగోదే జిల్లా అని తీసుకునే కోడ్ మన మేడ్చల్, శామీర్‌పేట డేటా ముందు నిలబడదు. ఉదాహరణకు: ‘సర్వే నం. 45/అ/2, తూంకుంట, శామీర్‌పేట, మేడ్చల్-మల్కాజిగిరి, 500078’. ఇదే అడ్రస్‌కు ఇంకొకరు ముందు ప్లాట్ నంబరు, కాలనీ పేరు, ‘గుడి వెనక’ అని కూడా చేరుస్తారు. ఎడమవైపు లెక్క తప్పుతుంది, కుడి చివర జిల్లా, పిన్‌కోడ్ మాత్రం కదలవు. అందుకే అర్రే పాప్‌తో చివరి నుంచి ఒక్కొక్కటే తీసుకోవాలి. హైఫన్ దగ్గర కోస్తే మరీ కష్టం. 2016 అక్టోబరు దాకా రంగారెడ్డి అని ఒకే ముక్కగా వచ్చిన జిల్లా పేరు ఇప్పుడు హైఫన్ వల్ల రెండు ముక్కలవుతుంది. సర్వే నంబరుకు మాత్రం పద్ధతి తిరగబడుతుంది. మూల నంబరు ముందే ఉంటుంది, బై నంబర్లు ఎన్నైనా రావచ్చు. ‘/’ దగ్గర ఎక్స్‌ప్లోడ్‌కు లిమిట్ 2 ఇస్తే 45 ఒకటి, ‘అ/2’ ఒకటి, అంతే.

మొదటే వేర్వేరు కాలమ్‌లలో పెట్టుకోవచ్చు కదా అంటారు. కొత్త ఫారాలకు అదే మంచిది, కానీ పాత రికార్డులు ఒకే వరుసలో ఉన్నాయి, వాటిని ఎవరో ఒకరు విడగొట్టాల్సిందే. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడొచ్చు కదా అంటే, ఒక్క కామా కోసం అంత అక్కర్లేదు. పైగా ఎక్స్‌ప్లోడ్ తెలుగు అక్షరాన్ని మధ్యలో కోయదు. బైట్లు లెక్కపెట్టి సబ్‌స్ట్రింగ్ తీస్తే కోసేస్తుంది, యూటీఎఫ్-8లో మన ‘శ’ ఒక్కటే 3 బైట్లు మరి.