చామనచాయకు ఏ రీలు?

రీలు అంటే మన క్లాసులో ఎవరికైనా ఫోన్‌లో వేలితో పైకి తోసేదే గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. కెమెరా వెనక మూత తీసి, చిన్న డబ్బీలోంచి కొస లాగి తగిలించే పాతకాలం రీలు. మా అమ్మావాళ్లు ‘రీలు కడిగించడం’ అనేవారే, ఆ రీలు. 36 ఫోటోలు అయిపోతే అయిపోయినట్టే. తీసింది వెంటనే చూసుకోవడానికి లేదు, బాగాలేదని తుడిపేయడానికీ లేదు.

మా మామ వాడి పక్కన పెట్టేసిన పెంటాక్స్ కె1000 కెమెరా పోయినేడు నా చేతికొచ్చింది. చేతికి రాగానే పుట్టిన ప్రశ్న చాలా మామూలుది. తక్కువ డబ్బులో ఏ కలర్ రీలు కొనాలి? అడిగితే చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. కోడక్ గోల్డ్‌లో పసుపు ఎక్కువ, ఫ్యూజీలో ఆకుపచ్చ ఎక్కువ, కలర్‌ప్లస్‌లో పాత ఆల్బమ్ కళ ఉంటుంది అంటారు. నిజమే కావచ్చు. కానీ వాళ్లు ఉదాహరణకు చూపించే ఫోటోల్లో మంచు ఉంటుంది, సముద్రం ఉంటుంది, తెల్లటి మొహాలుంటాయి. మా ఇంట్లో మంచు లేదు, అవ్వ ఉంది. అందుకని నా ప్రశ్న కొంచెం మార్చుకున్నాను. మా ఇంటివాళ్ల మొహాలకు ఏ రీలు సరిపోతుంది?

మా అవ్వ నలుపు. అమ్మ చామనచాయ. అక్కకు అవ్వ పోలిక వచ్చింది. నేను వీళ్ల మధ్యలో ఎక్కడో ఉంటాను. చామనచాయ అని మేము అనేదాన్ని మా అప్పా వైపువాళ్లు తమిళంలో ‘మానిరం’ అంటారు. ‘మా’ అంటే మామిడి అని, చిగురు వేసినప్పటి రంగు అని అప్పా చెబుతారు. రెండు భాషల్లోనూ ఇంత మంచి మాటలు ఉన్నాయి. అయినా సంబంధాల మాట వచ్చేసరికి రెండు వైపులవాళ్లూ ‘కలర్ కొంచెం తక్కువ’ అనే ఒక్క మాట మీదికి వచ్చేస్తారు. ఆ కలర్‌ని రీలు ఎలా చూస్తుందో తెలుసుకోవాలనిపించింది.

ముందు డబ్బు సంగతి. నేను కొన్నప్పుడు కోడక్ కలర్‌ప్లస్ 200 రీలు 950 రూపాయలు, కోడక్ గోల్డ్ 200 రీలు 1,100, కోడక్ అల్ట్రామ్యాక్స్ 400 రీలు 1,350. కడిగి స్కాన్ చేసి ఇవ్వడానికి ఏ రీలైనా 450. అంటే కలర్‌ప్లస్‌లో ఒక్కో ఫోటోకు దాదాపు 39 రూపాయలు, గోల్డ్‌లో 43, అల్ట్రామ్యాక్స్‌లో 50. ట్యూషన్ చెప్పి దాచుకున్న డబ్బుతో నాలుగు నెలల్లో ఒక్కోటీ కొన్నాను. ఫ్యూజీఫిల్మ్ 200 కొనలేదు. ఇప్పుడు దాని డబ్బా మీద అమెరికా తయారీ అని ఉంటోంది. అది గోల్డ్‌కు వేరే డబ్బా తొడిగినట్టే ఉంటుందని వాడినవాళ్లు చాలామంది అంటారు. ఒకే రుచికి రెండుసార్లు డబ్బు ఎందుకని మానుకున్నాను.

చెన్నైలో ఇంకో దారి కూడా ఉంది. సినిమాలు తీసే కోడక్ విజన్3 ఫిల్మును ముక్కలుగా కత్తిరించి, డబ్బీల్లో చుట్టి అమ్ముతారు. తెలుగు సినిమా పెరిగిన కోడంబాక్కం పక్కనే ఉంటూ దాని మీద ఆశ పడకుండా ఉండలేం. కానీ చాలాకాలం పాటు వచ్చిన ఆ ఫిల్ము వెనక నల్లటి మసి పూత ఒకటి ఉండేది. ఆ పూత ఉన్నదాన్ని ఊరికే ఫోటో ల్యాబ్‌లో ఇస్తే మసి ఊడి మెషిన్‌లో కలిసి, వేరేవాళ్ల రీళ్లు కూడా పాడవుతాయి. దాన్ని కడిగే పద్ధతే వేరు. నేను కొన్న మూడు రీళ్లూ సి-41 అనే ఒకే పద్ధతిలో కడిగేవి. 37.8 డిగ్రీల వేడి, డెవలపర్‌లో 3 నిమిషాల 15 సెకన్లు. ఏ ల్యాబ్‌కైనా తెలిసిన పని.

మన దేశంలో తయారయ్యే చవక రీలు లేదా అని మీకు అనుమానం రావచ్చు. మన రాష్ట్రంలోనే, ఊటీలో, కేంద్ర ప్రభుత్వం 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టింది. ‘ఇందు’ అనే పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము, ఎక్స్‌రే ఫిల్ము చేసేవారు. అది మూతపడింది. ఇప్పుడు మనం కొనే కలర్ రీలు ప్రతిదీ బయటి దేశం నుంచి వచ్చేదే, ఆ ధర అందుకే.

ఇక అసలు విషయం. మూడు రీళ్లలోనూ ఒకే పని చేశాను. అవ్వను, అమ్మను, అక్కను మూడు చోట్ల కూర్చోబెట్టాను. పొద్దున మిద్దె మీద ఎండలో, మధ్యాహ్నం వాకిట్లో నీడన, రాత్రి హాల్లో ట్యూబ్‌లైట్ కింద. అవ్వకు మాత్రం ప్రతిసారీ తెల్ల చీరే. మార్చమంటే ఒప్పుకోలేదు.

కలర్‌ప్లస్ ఎండలో చాలా మర్యాదగా ఉంది. రంగులు అరవవు. అమ్మ చామనచాయ అందులో బాగా పడింది. నీడకు వచ్చేసరికి నీలిరంగు వెలిసినట్టయింది, అవ్వ చెంపల కింద నీడ ఇటుకపొడి రంగులోకి తిరిగింది. ఇసుక చల్లినట్టు గింజ కూడా కనిపించింది. గోల్డ్‌లో పసుపు వెచ్చదనం ఉన్నమాట నిజం. నల్లటి మొహానికి ఆ వెచ్చదనం అందం. అవ్వ నుదుటి మీద వెలుగు తేనెరంగులో నిలబడింది, నీడలో కూడా ముడతలు విడివిడిగా తెలిశాయి. అల్ట్రామ్యాక్స్‌లో ఎరుపు మరీ ఎరుపు. అక్క కుంకుమబొట్టు మొహం కంటే ముందు కనబడుతుంది. కానీ రాత్రి హాల్లో పనికొచ్చింది అదొక్కటే. 400 వేగం కాబట్టి తక్కువ వెలుతురు చాలు. ట్యూబ్‌లైట్ వల్ల గోడకు కొంచెం పచ్చదనం వచ్చింది, అది మూడింటికీ తప్పదు. ఇవన్నీ పగటి వెలుతురు కోసం చేసిన రీళ్లు.

రీలు కంటే ముఖ్యమైనది వెలుతురు లెక్క అని ఈ పనిలోనే తెలిసింది. కెమెరాలో ఉండే లైట్ మీటర్‌కు మనిషి తెలియదు, తెల్ల చీర తెలియదు. ఎదురుగా ఉన్నదంతా నడిమి బూడిదరంగు అనుకుని లెక్క చెబుతుంది. తెల్ల చీర ఎక్కువగా కనబడితే ‘వెలుతురు ఎక్కువైంది, తగ్గించు’ అంటుంది. చీర కోసం తగ్గిస్తే మొహానికి ఏమీ మిగలదు. నెగటివ్‌ను వెలుతురుకు పట్టి చూడండి, అన్నీ తలకిందులుగా ఉంటాయి. తెల్ల చీర నల్లగా గట్టిగా, నల్లటి మొహం లేతగా పల్చగా. ఆ పల్చని చోట రంగు సరిపడా పడలేదంటే తర్వాత ఎవరూ తీసుకురాలేరు, గింజా మురికీ తప్ప. అందుకని 200 రీలు వేసినా మీటర్ చక్రం 100 దగ్గర పెట్టాను, వెలుతురు రెట్టింపు పడింది. దగ్గరికి వెళ్లి చెంప మీదే లెక్క చూసుకున్నాను. చీర కాలిపోతుందేమో అని భయపడనక్కర్లేదు. కలర్ నెగటివ్ ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, తక్కువైతేనే అలుగుతుంది.

ఇంత చేసి ల్యాబ్ నుంచి మొదటి రెండు రీళ్ల స్కాన్‌లు తెచ్చుకుంటే అందులో మా అవ్వ లేదు. అవ్వలాంటి ఒక ఎర్రటి మనిషి ఉంది. వెనక గోడ వెలుతురులో మాయమైంది. అక్క మొహం పాలల్లో ముంచి తీసినట్టుంది. అడిగితే ల్యాబ్ అన్న ఏదో మేలు చేసినట్టే నవ్వి, “కొంజం బ్రైట్ పణ్ణిరుక్కోమ్మా” అన్నాడు. ఆడపిల్లల ఫోటోలంటే అలాగే చేసి ఇస్తారట, ఎవరూ వద్దనరట. ఏమీ మార్చకుండా మళ్లీ స్కాన్ చేయించుకున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటగా తెలిసింది. ఒకే నెగటివ్ నుంచి వచ్చిన రెండు స్కాన్‌ల మధ్య ఉన్న తేడా, కలర్‌ప్లస్‌కూ గోల్డ్‌కూ ఉన్న తేడా కంటే చాలా పెద్దది. అవ్వ రంగు నెగటివ్‌లో భద్రంగానే ఉంది. అన్నిటికంటే చవక రీలు కూడా దాన్ని పట్టుకుంది. తీసేసింది తర్వాతి చెయ్యి.

ఈ చెయ్యి మన ఊరిదే కాదు. ఒకప్పుడు అమెరికాలో కోడక్ వాళ్లు ల్యాబ్‌లకు ఒక కార్డు పంపేవారు. రంగురంగుల బట్టలు వేసుకున్న ఒక తెల్ల అమ్మాయి ఫోటో. దానికి ‘షర్లీ కార్డు’ అని పేరు. ఆ అమ్మాయి చర్మం సరిగ్గా వస్తే మెషిన్ సరిగ్గా ఉన్నట్టు లెక్క. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో దీని మీద వ్యాసం రాశారు. గోధుమరంగులు సరిగా రావడం లేదని కోడక్‌కు గట్టిగా చెప్పినవాళ్లలో చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాన్ల కంపెనీలు ఉన్నాయట. మనుషుల కోసం కాదు, చాక్లెట్ కోసం, బీరువా కోసం! తర్వాత వచ్చిన రీళ్లు గోధుమరంగులను, నలుపును బాగా పట్టుకున్నాయి. వేర్వేరు రంగుల మనుషులున్న కార్డులు 1990లలో వచ్చాయి. అంటే రీలు మారింది, కార్డు కూడా మారింది. మన పక్కవీధి స్కానర్ ముందు కూర్చున్న కన్ను మారలేదు. ఆ కన్నుకు అలవాటు నేర్పింది మనమే అని కూడా అనిపిస్తుంది. అవ్వ పెళ్లి ఫోటో మా గోడ మీద ఉంది. బ్లాక్ అండ్ వైట్‌లో తీసి, స్టూడియోలో చేత్తో రంగులు దిద్దినది. అందులో అవ్వ బుగ్గలు గులాబీరంగు. “ఆ రంగుకి నాలుగణాలు ఎక్కువ తీసుకున్నాడు” అంటుంది అవ్వ.

ఇదంతా ఫోటోల గొడవ మాత్రమే అయితే ఇక్కడితో ఆపేదాన్ని. నేను తీసిన వాకిలి ఫోటోల్లో అక్కది చాలా బాగా కుదిరింది. అమ్మ దాన్ని జాతకంతో కలిపి పంపింది, ల్యాబ్ తెల్లగా చేసిన కాపీని. వచ్చినవాళ్లు మంచివాళ్లే. కాఫీ తాగారు, చదువు అడిగారు. వాళ్లలో ఒక పెద్దావిడ ఫోన్‌లో ఫోటోను, ఎదురుగా అక్కను మార్చి మార్చి చూసి, “ఫోటోలో వేరేగా ఉందే” అంది. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గింది అన్నట్టు అంది. అక్క ట్రే పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

ఆ రాత్రి అక్క నా దగ్గరికి వచ్చి, “ఇంకో స్కాన్ ఉందన్నావే, అది ఇవ్వు” అంది. ఇచ్చాను. చాలాసేపు చూసింది. “ఇది నేనే కదా” అంది. ఇకమీదట ఇదే పంపాలని అమ్మకు చెప్పింది. అమ్మ ఒప్పుకోలేదు. “ఫోటో చూసే వద్దంటే ఏం చేస్తావే?” అని అడిగింది. “చూసి వద్దనేవాళ్లు ఇంటికి రాకుండా పోతారు కదమ్మా, కాఫీపొడి మిగులుతుంది” అంది అక్క. అమ్మ నవ్వలేదు. అమ్మ భయం నాకు అర్థమవుతుంది. అమ్మను కూడా ఒకప్పుడు అలా మార్చి మార్చి చూసి ఉంటారు. వారం తర్వాత వేరే సంబంధానికి ఏ ఫోటో వెళ్లిందో అక్కను అడిగాను. “నాది” అంది.

మీలో ఎవరైనా రీలు కెమెరా పట్టుకోవాలనుకుంటే నాకు తెలిసింది ఇది. మొదటి రీలు గోల్డ్ 200 కొనండి, మీటర్ 100 దగ్గర పెట్టండి. అన్నీ ఎండలోనే తీసేట్టయితే కలర్‌ప్లస్ చాలు, 150 రూపాయలు మిగులుతాయి. ఇంట్లో, రాత్రిపూట అయితే అల్ట్రామ్యాక్స్ వేసుకోండి. మొహం నల్లగా ఉంటే మొహం మీదే లెక్క చూడండి, బట్టల మీద చూడకండి. రీలు ఇచ్చేటప్పుడే ‘వెలుతురు, రంగు ఏమీ మార్చవద్దు’ అని కవరు మీద రాసివ్వండి, నోటితో చెబితే మర్చిపోతారు. నెగటివ్‌లు తప్పకుండా అడిగి తెచ్చుకోండి. స్కాన్ ఎవరు ఎలా మార్చినా, మన అసలు రంగుకు సాక్ష్యం ఆ పల్చటి కాగితం లాంటి ముక్కే.

ఇప్పుడు నా కెమెరాలో గోల్డ్ రీలు ఉంది, ఇంకా 11 ఫోటోలు మిగిలాయి. డిపార్ట్‌మెంట్ ముందు వేపచెట్టు నీడ మధ్యాహ్నం మూడింటికి బాగుంటుంది. ఫోటో కావాల్సినవాళ్లు రండి. ఒక్కోటి 43 రూపాయలు, టీచర్లకు ఉచితం. పౌడర్ మాత్రం రాసుకోకుండా రండి.