ఒప్పుకోలు

‘ఒప్పుకో’ అన్న మాట వింటే మా ఎరుకల పెద్దవాళ్లు ఇప్పటికీ ఉలిక్కిపడతారు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలైంది. పుట్టుకే నేరమైంది. మా తాతలు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. ఎక్కడ ఏం పోయినా ఒప్పుకునేదాకా దెబ్బలే. నోరు మూసుకుంటేనే బతుకు అని అలా నేర్చుకున్నాం.

స్టూవర్టుపురం, సీతానగరం సెటిల్మెంట్లను సాల్వేషన్ ఆర్మీ నడిపింది. హాజరు తీసుకున్నదీ వాళ్లే, వాక్యం చెప్పిందీ వాళ్లే. మాలో చాలామందికి క్రీస్తు పేరు తెలిసింది ఆ దారినే. 1952లో చట్టం రద్దయింది. నోటికి పడ్డ తాళం మాత్రం ఉండిపోయింది.

ఈ నూజివీడు వైపు మా బతుకు మామిడితో ముడిపడింది. తోట కాపలా, కాయ కోత, గంపల అల్లిక. రసాలూ బంగినపల్లీ ప్లాస్టిక్ ట్రేలలోకి ఎక్కాక గంపలు అడిగేవాళ్లు తగ్గారు. కోతలు జూన్‌తో అయిపోతాయి, అప్పు పన్నెండు నెలలూ కాస్తుంది. పూత మాడితే రైతు గోడు పేపర్లో వస్తుంది. కాపలావాడి ఇంట్లో పొయ్యి వెలగలేదని మేమైనా చెప్పుకోం.

ఆదివారం మందిరంలో సాక్ష్యాలు చెబుతాం. జ్వరం తగ్గింది, అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, అన్నీ గెలుపులే. ఒక ఆదివారం ఒక అక్క లేచి, “ఇంటాయన తాగుడు మానలేదు. వడ్డీ కట్టలేకపోతున్నా. రాత్రిళ్లు చచ్చిపోదామనిపిస్తోంది. ప్రార్థన చేస్తూనే ఉన్నా, ఇంకా ఏమీ మారలేదు” అంది. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి వెనక నుంచి ఒక పెద్దమ్మ, “మా ఇంట్లోనూ అంతేనే తల్లీ” అంది. ఆ రాత్రి ఆ అక్కను ఒంటరిగా వదల్లేదు. మర్నాడు ఇద్దరు తోడుగా ఆసుపత్రికి తీసుకెళ్లారు.

మాకు తేడా తెలిసింది అప్పుడే. స్టేషన్లో ఒకడు అడుగుతాడు, ఇంకొకడు ఒప్పుకుంటాడు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెప్పే ఒప్పుకోలు ఒకరితో ఒకరిది. అందులో పైనా కిందా లేరు, రాసుకునేవాడు లేడు. పైగా అప్పు పాపం కాదు, నిద్ర పట్టకపోవడమూ పాపం కాదు. అయినా వాటిని పాపాల కంటే జాగ్రత్తగా దాస్తున్నాం.

ప్రభువు కూడా గెత్సేమనేలో తన దుఃఖం చావంత బరువుగా ఉందని శిష్యులకు చెప్పుకున్నాడు. తనతో మెలకువగా ఉండమన్నాడు. వాళ్లు నిద్రపోయారు. మేము తోటలకు కాపలా కాసేవాళ్లం. రాత్రంతా మెలకువగా ఉండటం మాకు చేతనైన పని.