పావగడ దారిలో అవ్వ పాట

పావగడ అనగానే మనవాళ్ళకు శనిమహాత్ముని గుడి గుర్తుకొస్తుంది. మాకు మాత్రం అది మా నాయన పుట్టిన సీమ. కర్ణాటకలోని తుమకూరు జిల్లా తాలూకాయే అయినా మూడు వైపులా ఆంధ్రప్రదేశే. మా ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడం.

మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి మధుగిరి మీదుగా, సుమారు 160 కిలోమీటర్లు, నాయన వాడిన మారుతి 800లోనే వెళ్ళాం. దారి పొడవునా పాట లేదు. స్టీరియోలో కేసెట్టు ఇరుక్కుపోయి చాలా ఏళ్ళయింది. మా అవ్వ పాడిన విసుర్రాయి పాటలవి. నాయన రికార్డు చేసుకున్నాడు. వేరే కాపీ లేదు. ఎవరికైనా ఇస్తే లాగి తెంపుతారేమోనని భయం. అందుకే కొత్త స్టీరియో కొని, ఊళ్ళో తీరిగ్గా నేనే మారుద్దామని బయల్దేరాను.

వేపచెట్టు కింద కారు పెట్టగానే చిన్నాయన, "ముందు బ్యాటరీ మైనస్ వైరు పీకురా అబ్బయా" అన్నాడు. బోరు మోటార్లు బాగుచేసిన చెయ్యి ఆయనది. పట్టీ ఊడదీసి పక్క క్లిప్పులు నొక్కితే పెట్టె ముందుకు జారింది. ఒక్కో వైరుకూ కాగితం ముక్క అంటించి విప్పాం. పాతదీ కొత్తదీ 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. కోత పని పడలేదు. నలుపు ఎర్తు, పసుపుకు ఎప్పుడూ కరెంటుండాలి, ఎరుపుకు తాళం తిప్పితేనే రావాలి. నేను ఆ రెండూ తారుమారు చేశాను. తాళం తీసినప్పుడల్లా పెట్టుకున్న స్టేషన్లు చెరిగిపోయాయి. మళ్ళీ విప్పి సరిచేశాం.

అసలు పని తర్వాత. పాత పెట్టె మూత విప్పితే టేపు రబ్బరు చక్రానికి చుట్టుకుని ఉంది. చిన్నాయన గంటసేపు ఒక్కో మడతా విడదీశాడు. నలిగింది గాని తెగలేదు. పెన్సిలుతో చుట్టి, ఆయన పాత టేపురికార్డరులో పెట్టాం.

అవ్వ గొంతు! పాట మధ్యలో ఆపి, ఎవరినో "బారమ్మా" అని కన్నడంలో పిలిచి, మళ్ళీ తెలుగులో అందుకుంది.

"అవ్వది ఏ భాష తాతా?" అన్నాడు మావాడు.

"రెండూ మనవేనప్పా" అన్నాడు చిన్నాయన.

సాయంత్రం తిరుమణి వైపు తీసుకెళ్ళాడు. అయిదు ఊళ్ళ రైతులు కౌలుకిచ్చిన సుమారు 13,000 ఎకరాల్లో సౌర పలకలు. మొత్తం 2,050 మెగావాట్లు. అవ్వ తిట్టుకున్న ఎండే ఇప్పుడు కరెంటు.

తిరుగుదారిలో, పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్న అవ్వ పాట మధుగిరి దాకా వింటూ వచ్చాం. మీ ఇంట్లోనూ ఇలాంటి కేసెట్టుంటే ఈ సెలవులకే కాపీ చేసి పెట్టుకోండి.