బర్మా క్యాంపులో మా అన్నయ్య

రంగూన్ రేవులో ఓడ ఎక్కే ముందు అమ్మ చేతి గాజులు తీసి ఇచ్చెయ్యమన్నారు. 1964, వానాకాలం. నాకు తొమ్మిదేళ్ళు. బంగారం దేశం దాటకూడదట. అవి అమ్మ పెళ్ళినాటి గాజులు. చెయ్యి లావెక్కి బిగుసుకుపోయాయి, కదలడం లేదు. వెనక జనం తోసుకొస్తున్నారు. అన్నయ్య ఎక్కణ్ణించో కాసిని సబ్బు నీళ్ళు తెచ్చాడు. అమ్మ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, మంటపుట్టిన చోట నోటితో ఊదుతూ, ఒక్కొక్క గాజే తిప్పి తిప్పి తీశాడు. తనకప్పుడు పదిహేడేళ్ళు. నాన్న పక్కనే నిలబడి నేలచూపులు చూస్తున్నాడు. మా ఇంటి బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మారడం నేను ఆ కాసేపట్లోనే చూశాను.

నాన్నది కళింగపట్నం దగ్గర పల్లె. మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. "రంగం ఎల్లిపోయాడు" అంటే ఆ మనిషి మీద ఇంట్లోవాళ్ళు సగం ఆశ వదిలేసుకున్నట్టే. నాన్న రంగంలో బియ్యం బస్తాలు మోశాడు. జపాను బాంబులకి 1942లో అరకాన్ కొండల మీదుగా నడిచి ప్రాణాలతో ఇంటికి చేరాడు. అంత నడిచినవాడు, యుద్ధం అయిపోగానే అమ్మని తీసుకుని మళ్ళీ వెళ్ళాడు. అక్కడే అన్నయ్య, ఇద్దరక్కలు, నేను పుట్టాం. చిన్న కిరాణా కొట్టు పెట్టాడు. రంగూన్‌లో అందరూ ఎక్కణ్ణించో వచ్చినవాళ్ళే. చీనావాళ్ళు, గుజరాతీలు, తమిళులు, మేము. నది ఒడ్డున ఉన్న పెద్ద స్ట్రాండ్ హోటల్ ఒకప్పుడు ఆర్మీనియన్ అన్నదమ్ములదని నాన్న చూపించేవాడు. 1962 మార్చిలో సైన్యం గద్దెనెక్కింది. రెండేళ్ళకి కొట్లన్నీ సర్కారువైపోయాయి. 1964 మేలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. ట్రంకు పెట్టె అడుగున నాన్న దాచినవన్నీ ఆ నోట్లే.

విశాఖ రేవులోకి ఓడ రావడం నాకు బాగా గుర్తు. డాల్ఫిన్స్ నోస్ కొండ ఎడంపక్కన నిలువెత్తు గోడలా ఉంది. దాన్ని ఒరుసుకుంటూ సన్నటి కాలవలోకి ఓడ తిరిగింది. కుడివైపు మూడు గుట్టలు. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. ఆడవాళ్ళు మూడింటికీ దణ్ణాలు పెట్టారు. నాన్న ఏడ్చాడు. అన్నయ్య కళ్ళు మాత్రం లంగరేసి ఉన్న బూడిదరంగు నేవీ ఓడల మీదే ఉన్నాయి.

కంచరపాలెంలో మమ్మల్ని దింపిన చోటే తరవాత బర్మా క్యాంపు అయింది. రంగూన్‌లో బర్మావాళ్ళు మమ్మల్ని 'కోరంగీ' అనేవారు. కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి పేరది. నాన్న ఎప్పుడూ చూడని ఊరు. ఇక్కడికొచ్చాక "బర్మావోళ్ళు" అయ్యాం. ఎక్కడుంటే అక్కడ, అవతలి ఒడ్డు పేరే మాకు పేరు. కుళాయి దగ్గర అక్కల్ని ఆ పేరుతో వెక్కిరిస్తే అన్నయ్య ఒక్క మాట అనేవాడు కాదు. బిందెలు తనే మోసుకొచ్చేవాడు. ఆదివారం అమ్మ మొహింగా చేసేది. చేపల పులుసులో అరటి దూట, బియ్యపు సేమియా. చేతిలో డబ్బుంటే చేపలు, లేకపోతే వట్టి పులుసే. వాసనకి ఇరుగుపొరుగు ముక్కు మూసుకునేవారు. తరవాత గిన్నెలు పట్టుకుని వాళ్ళే వచ్చేవారు.

1965లో నాన్న పోయాడు. జబ్బేమిటో ఎవరూ తేల్చి చెప్పలేదు. అన్నయ్య పోర్టులో బస్తాలు మోశాడు, రంగంలో నాన్న చేసిన పనే. మరుసటి ఏడు నేవీ భర్తీకి వెళ్ళాడు. పుట్టిన ఊరు అన్న చోట రంగూన్ అని రాస్తే, కాగితం తీసుకున్న మనిషి కలం ఆపి తలెత్తి చూశాడట. "ఇండియావాడివేనా?" అని అడిగాడట. అన్నయ్య జవాబు చెప్పకుండా కాందిశీకుల ధ్రువపత్రం మడత విప్పి బల్ల మీద పెట్టాడు. ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోతే అమ్మ గంజి పెట్టి అతికించింది. ఇప్పటికీ ఉంది.

శిక్షణకి లోనావాలా, ఐఎన్ఎస్ శివాజీ. ఇంజను గది మనిషిగా, బాయిలర్ల దగ్గర. నెలకో మనియార్డరు. అది అందిన రోజే క్యాంపు కొట్లో మా బాకీ తీరేది. అక్కల పెళ్ళిళ్ళు, నా చదువు, అన్నీ ఆ మనియార్డర్లే.

అన్నయ్య నేవీలో చేరిన ఏడే విశాఖ ఉక్కు ఉద్యమం. నవంబరు 1న కాల్పులు జరిగాయి. ఊళ్ళో మనుషులు చచ్చిపోయారని పెద్దవాళ్ళు మమ్మల్ని గడప దాటనివ్వలేదు. పదకొండేళ్ళ నేను అదంతా ఉత్తరంలో రాశాను. అన్నయ్య జవాబు రెండే ముక్కలు: "ఉక్కు వస్తే బాయిలర్లుంటాయి. బాయిలర్లుంటే నేను ఇంటికొచ్చేస్తాను." ఆ మాట నిజమవడానికి ఇరవై ఏళ్ళ పైన పట్టింది. ఉక్కు ఫ్యాక్టరీ థర్మల్ పవర్ ప్లాంటులో బాయిలర్ల దగ్గర ఉద్యోగం. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 'గోదావరి' వెలిగిన రోజు, డ్యూటీ దిగి వచ్చి పెళ్ళివారింటి నుంచి వచ్చినట్టు కబుర్లు చెప్పాడు. 2021లో ఫ్యాక్టరీ అమ్మేస్తామన్నప్పుడు డెబ్భై దాటిన మనిషి కూర్మన్నపాలెం దీక్షా శిబిరానికి రోజూ బస్సెక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఎండ అన్నా వినలేదు. నాకు కోపం వచ్చింది, గర్వమూ వచ్చింది.

కానీ నేను అసలు చెప్పవలసింది 1971 గురించి.

ఆ మే నెలలో అన్నయ్యకి పెళ్ళయింది. అప్పటికి తను విమానాలు మోసే ఓడ ఐఎన్ఎస్ విక్రాంత్ మీద ఉన్నాడు. నవంబరులో ఓడ వెళ్ళిపోయింది. ఎక్కడికో వదినకి కూడా చెప్పలేదు. ఊళ్ళో మాత్రం విక్రాంత్ ఇక్కడే ఉందన్నారు, దానికోసం పెద్ద ఎత్తున సరుకులు కొంటున్నారన్నారు. అది శత్రువుని మోసగించడానికి నౌకాదళం పన్నిన ఎత్తని యుద్ధం అయ్యాక తెలిసింది. ముందు మోసపోయింది మా వదిన. మొగుడు కనుచూపు మేరలోనే ఉన్నాడనుకుని సాయంత్రాలు బీచికి వెళ్ళి నిలబడేది.

పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైన డిసెంబరు 3 రాత్రి ఊరంతా దీపాలార్పేశారు. పక్క గుడిసెలో ట్రాన్సిస్టర్ చుట్టూ చేరాం, ప్రధానమంత్రి మాట్లాడతారని. అర్ధరాత్రి దాటింది. సముద్రం వైపు నించి ఒక్క పేలుడు. ఉరుము కాదు. నేల కింద నించి పొట్టలోకి వచ్చిన చప్పుడు. గోడకి తగిలించిన గిన్నెలు గలగలలాడాయి. వదిన లేచి నిలబడింది. ఆరో నెల. "అత్తా, ఓడ..." అంది. అమ్మ ఆమెని గట్టిగా పట్టుకుని, "నా కొడుకు సముద్రం దాటొచ్చినోడే. ఆడికేటవదు" అంది. ఆ చీకట్లో అమ్మ చేతులు వణకడం నాకు కనిపించలేదు, వినిపించింది. వదిన చేతికున్న గాజుగాజులు మోగుతూనే ఉన్నాయి.

తెల్లారాక, జాలర్లకి నీళ్ళ మీద ఏవో తేలుతూ దొరికాయన్నారు. ఎవరి ఓడవో ఎవరికీ తెలీదు. వదిన అయిదు రోజులు ముద్ద ముట్టలేదు. 9వ తేదీన ప్రకటించారు. మునిగింది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది. అందులోని తొంభై మందికి పైగా పోయారు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన బాంబులకి మునిగిందని మనవాళ్ళు, లోపలి పేలుడుకని వాళ్ళు ఇప్పటికీ చెబుతారు. వదిన ఆ కబురు విని మొదట అన్న మాట, "వాళ్ళకీ పెళ్ళాలుంటారు కదా" అని. అప్పుడే అన్నం తింది.

అన్నయ్య తిరిగొచ్చాక మెల్లగా ఒక్కొక్కటీ చెప్పాడు. పేలుడు వినిపించిన రాత్రి విక్రాంత్ ఇక్కడ లేనే లేదు. అంతకు ముందే అండమాన్ల వైపు, పోర్ట్ కార్న్‌వాలిస్‌కి వెళ్ళిపోయింది. నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్ళు. మిగతా మూడింటి మీదే యుద్ధానికి బయల్దేరారు. మూడు బాయిలర్ల ఆవిరితో విమానాలు లేవడానికి కావలసిన వేగం తేవాలి. డిసెంబరు 4 నించి ఆ విమానాలే కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. అన్నయ్య ఒక్క విమానాన్నీ చూడలేదు. కొలిమిలాంటి గదిలో గేజి ముల్లు చూస్తూ గడిపాడు. పైన విమానం లేచినప్పుడల్లా ఇనుము అదిరేదట. అలా లెక్కపెట్టుకునేవాడట.

"కాక్స్ బజార్ కింద నాఫ్ నది. దాటితే బర్మాయేరా," అన్నాడు. "ఒక్కసారి గాలికి పైకి రానిచ్చారు. తూర్పుకేసి చూశాను."

"కనిపించిందా?"

"నీళ్ళే."

ఆ తరవాత చాలాసేపు మాట్లాడలేదు. తను పుట్టిన దేశానికి మళ్ళీ అంత దగ్గరగా అన్నయ్య ఎప్పుడూ వెళ్ళలేదు.

1981లో పదిహేనేళ్ళ సర్వీసు పూర్తిచేసి వచ్చాడు. చేతికందిన డబ్బుతో ముందు కొన్నది అమ్మకి రెండు బంగారు గాజులు. అమ్మ ముట్టుకోలేదు. "మొగుడు పోయినదాన్ని, నాకెందుకురా ఇయి? నలుగురూ ఏటనుకుంటారు?" అంది. "బంగారానికి ఏ దోషమూ లేదమ్మా" అని చెయ్యి పట్టుకుని తనే తొడిగాడు. అమ్మ చేతులప్పటికి చిక్కిపోయాయి. ఇట్టే ఎక్కాయి. పని చేస్తుంటే మోచేతి దాకా జారిపోయేవి.

1994లో అమ్మ పోయింది. స్నానం చేయించే ముందు ఆడవాళ్ళు గాజులు తియ్యబోతే అన్నయ్య ఆపాడు. నేలమీద కూర్చుని అమ్మ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. గాజులు వాటంతటవే జారి వచ్చాయి. సబ్బు నీళ్ళతో పని లేదు. అయినా అన్నయ్య వంగి, ఆ మణికట్టు మీద మెల్లగా ఊదాడు.