తలుపు తీసే ముందు

పొద్దుపోయాక ఎవరైనా తలుపు తడితే మన ఇళ్ళలో పెద్దలు వెంటనే గడియ తీయరు. “ఎవరది?” అని అడుగుతారు. తెలిసిన గొంతు అయితేనే తీస్తారు. కంప్యూటరుకూ, చేతిలోని సెల్‌ఫోనుకూ ఇదే జాగ్రత్త అవసరం. నేను సాంకేతిక నిపుణుణ్ణి కాను. తెలుగు పాఠాలు చెప్పుకొంటూ బతికినవాణ్ణి. అయినా ఈ సంగతి మీతో చెప్పాలనిపించింది. ఎందుకంటే ఇందులో యంత్రం పాత్ర ఎంతో, మనిషి పాత్ర కూడా అంతే.

కంప్యూటరు తనంతట తాను ఏ పనీ చేయదు. మనిషి రాసి ఇచ్చిన ఆదేశాలను వరుసగా పాటిస్తుంది. ఆ ఆదేశాల వరుసనే ప్రోగ్రాము అంటారు. లెక్కలు కట్టేదీ, బొమ్మలు గీసేదీ, రైలు టిక్కెట్టు ఇచ్చేదీ ప్రోగ్రామే. ఇది మంచి, ఇది చెడు అన్న విచక్షణ యంత్రానికి లేదు. అందుచేత కీడు చేయాలని రాసిన ప్రోగ్రామును కూడా అది అంతే శ్రద్ధగా నడిపిస్తుంది. అటువంటి హానికర ప్రోగ్రాములన్నిటికీ కలిపి మాల్‌వేర్ అని పేరు.

భాష చదువుకున్నవాణ్ణి కనుక వీటి పేర్లు నన్ను మొదట ఆకర్షించాయి. వైరస్ అన్నది రోగాన్ని కలిగించే సూక్ష్మజీవి పేరు. అది వేరొక ఫైలును అంటిపెట్టుకొని, ఆ ఫైలు నడిచినప్పుడు తన నకళ్ళను పెంచుకుంటుంది. వార్మ్ అంటే పురుగు. దానికి మరో ఫైలు ఆసరా అక్కరలేదు. నెట్‌వర్క్ వెంట ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పాకిపోతుంది. ట్రోజన్ అన్న పేరు గ్రీకుల కథలోనిది. పదేళ్ళు ముట్టడించినా ట్రాయ్ నగరాన్ని గెలవలేని గ్రీకులు పెద్ద కొయ్యగుర్రం చేసి, అందులో సైనికులను దాచి, కోట ముందు వదిలి వెళ్ళినట్లు నటించారు. ట్రాయ్ ప్రజలే దాన్ని లోపలికి లాక్కున్నారు. ఆటలాగానో, పనికివచ్చే సాధనంలాగానో కనిపిస్తూ లోపల కీడును దాచుకొన్న ప్రోగ్రాముకు ఆ పేరు చక్కగా సరిపోయింది. ఇక రాన్సమ్‌వేర్ మన ఫైళ్ళకు రహస్య సంకేతాలతో తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమంటుంది.

వీటి చరిత్ర కొత్తది కాదు. 1986లో పాకిస్తాన్‌లోని లాహోరు నగరంలో ఇద్దరు సోదరులు ‘బ్రెయిన్’ అనే వైరస్‌ను రాశారు. అది ఫ్లాపీ డిస్కుల మీద ప్రయాణించేది. విచిత్రమేమంటే అందులో వాళ్ళ పేర్లు, చిరునామా, ఫోను నంబర్లు కూడా ఉన్నాయి. తమ సాఫ్ట్‌వేర్‌ను దొంగతనంగా నకలు చేసేవారి కోసమే రాశామని వాళ్ళు చెప్పారు. కాని అది దేశాలు దాటిపోయింది. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరిన మరొకటి ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అనే ఇంగ్లీషు శీర్షికతో ఈమెయిలుగా వచ్చింది. జతచేసిన ప్రేమలేఖను తెరిస్తే అది యంత్రంలోని ఫైళ్ళను పాడుచేసి, చిరునామాల పట్టీలో ఉన్నవారందరికీ తనను తాను పంపుకొనేది. తెలిసినవారి పేరుతో వచ్చింది కనుకనే జనం తెరిచారు.

2017 మే 12న ‘వానాక్రై’ అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడింది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు చికిత్సలను వాయిదా వేసుకోవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని మూగపోయాయి. అది విండోస్‌లో ఉన్న ఒక లోపం గుండా దూరింది. ఆ లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. సవరణ చేసుకొన్న యంత్రాల్లోకి అది ఆ దారిన రాలేకపోయింది.

ఇవన్నీ ఎక్కడో జరిగిన సంగతులనుకోకండి. మా హోసూరు ప్రాంతంలోని ఒక తెలుగు బడిలో పిల్లలు తమ అవ్వల చేత పెళ్ళిపాటలు, నాట్ల పాటలు, తిరగలి పాటలు పాడించి కంప్యూటరులో దాచేవారు. ఫోనులో చోటు చాలదు కనుక అక్కడివి చెరిపేసేవారు. ఆ పని చూడడానికి నేను తరచు వెళ్ళేవాణ్ణి. ఒక సోమవారం ఉదయం ఒక్క పాటా వినిపించలేదు. తెర మీద డబ్బు అడిగే ప్రకటన ఉంది. ‘టైంటేబుల్’ అన్న పేరుతో ఈమెయిలులో వచ్చిన ఫైలు చేసిన పని అది. ఎవరు తెరిచారని ఎవరూ నిలదీయలేదు. పరీక్షల ముందు ఆ పేరు చూస్తే ఎవరికైనా తెరవాలనే అనిపిస్తుంది. డబ్బూ కట్టలేదు. కట్టినా తాళంచెవి వస్తుందన్న భరోసా లేదు. పైగా ఆ డబ్బే మరొకరి ఇంటికి కన్నం వేయడానికి పెట్టుబడి అవుతుంది.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నాలుగు నెలల కిందట పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇంట్లో పెట్టెలో దాచుకొంది. అది కంప్యూటరుకే తగిలించి ఉంటే దానికీ తాళం పడేది. విడిగా ఉంది కనుక బతికింది. యంత్రాన్ని పూర్తిగా శుభ్రం చేయించాక ఆ పాటలు తిరిగి వచ్చాయి. తరువాతి నాలుగు నెలలవి పోయాయి. కొన్నిటిని మళ్ళీ పాడించుకొన్నారు. కాని వాటిలో పదకొండు పాటలు పాడిన అవ్వ అప్పటికే కాలం చేసింది. ఆ పాటలు ఇక ఎక్కడా లేవు.

ఆ ఫైలు పేరును నేను తరువాత నిదానంగా చదివాను. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఫైలుకు చివర వస్తుంది. చుక్క తరువాతి అక్షరాలే దాని ఇంటిపేరు. పీడీఎఫ్ అంటే చదువుకొనే పత్రం, జేపీజీ అంటే బొమ్మ, ఈఎక్స్ఈ అంటే విండోస్‌లో నడిచే ప్రోగ్రాము, ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోనులో ఎక్కే ప్రోగ్రాము. ఆ ‘టైంటేబుల్’కు మొదట పీడీఎఫ్, దాని వెనుక ఈఎక్స్ఈ ఉన్నాయి. విండోస్ మామూలుగా చివరి ఇంటిపేరును దాచిపెడుతుంది కనుక పీడీఎఫ్ ఒక్కటే కనిపించింది. దాచకుండా చూపమని సెట్టింగులలో మార్చుకొంటే ఈ మారువేషం బయటపడుతుంది. 2024లో మన దేశంలో వాట్సాప్ ద్వారా పెళ్ళి శుభలేఖల పేరుతో ఏపీకే ఫైళ్ళు వచ్చాయి. వాటిని ఎక్కించవద్దని పోలీసులు హెచ్చరించారు. శుభలేఖ చదవడానికి ఫోనులో కొత్త ప్రోగ్రాము ఎందుకు? ఈ ప్రశ్న వేసుకొన్నవారు మోసపోరు. మంచి ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ప్రతి ఫైలూ మంచిదని కాదు. అనుమానం వస్తే పంపినవారికి ఫోను చేసి అడగాలి.

మిగిలిన జాగ్రత్తలు కష్టమైనవి కావు. యంత్రం సవరణలు అడిగినప్పుడు వాయిదా వేయకూడదు. మాల్‌వేర్‌ను పట్టే యాంటీవైరస్‌ను ఎప్పటికప్పుడు సరిచేసుకోవాలి. ప్రోగ్రాములను నమ్మకమైన చోటు నుంచే తెచ్చుకోవాలి. టార్చిలైటు ప్రోగ్రాము మన సందేశాలు చదువుతానంటే ఒప్పుకోకూడదు. యంత్రానికి ఏదో సోకిందనిపిస్తే ముందు ఇంటర్నెట్ తీసివేసి పెద్దలకు చెప్పాలి. దాచిపెడితే నష్టం పెరుగుతుంది. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఇతరుల కంప్యూటరులోకి వైరస్‌ను పంపడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం నేరం. సరదాకైనా ఆ పని చేయరాదు.

మీరు ఇంట్లో తెలుగు మాట్లాడి, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో మాట్లాడే పిల్లలు. మీలో చాలామందికి మూడు లిపులు వచ్చు. ఏ లిపిలో ఉన్నదైనా ఆగి చదివిన తరువాతే ‘సరే’ నొక్కడం అలవాటు చేసుకోండి. మీ అవ్వ పాడిన పాట ఏదైనా ఫోనులో ఉంటే, ఈ ఆదివారమే దానికి రెండో నకలు తీసి వేరే చోట దాచండి.