ఇది నాది కాదప్పా!

ఫ్లెక్సీ చూడగానే ఆయన సైకిలు దిగేశాడు.

కర్నూలు జిల్లా పత్తికొండ వైపు ఒక పల్లె. శనక్కాయ విత్తనం వేసి జనం మోడం వైపు చూస్తూ కూర్చునే జులై నెల. బస్సులు ఆగేచోట, వేపచెట్టుకూ కరెంటు స్తంభానికీ మధ్య కట్టారా ఫ్లెక్సీని. ఓ పక్క జెండా, ఓ పక్క ఫిరంగి, వెనకాల మంచుకొండ. మధ్యలో యూనిఫాంలో ఆయన పాత ఫొటో. కింద ఎర్రటి అక్షరాలు... ‘కార్గిల్ వీరునికి ఘన స్వాగతం’. జులై 26న హైస్కూల్లో కార్గిల్ విజయ్ దివస్ చేస్తున్నారు. ఆ సభకు ముఖ్య అతిథి ఆయనే.

ఊళ్లో కుర్రాళ్లు తలా వంద వేసుకుని చేయించిన ఫ్లెక్సీ అది. ‘ఎట్లుండాది మామా?’ అంటూ చుట్టూ మూగారు.

‘బాగానే ఉండాది’ అన్నాడాయన. తర్వాత ఫొటోలో తన ఛాతీ మీద వేలు పెట్టాడు. అక్కడ నక్షత్రం ఆకారంలో ఒక పతకం మెరుస్తోంది. అసలు ఫొటోలో అది లేదు. ఫ్లెక్సీ వేసినతను నెట్‌లోంచి తీసి అతికించాడు. ‘ఇది నాది కాదప్పా!’

‘ఏముందిలే మామా, ఉంటే అందంగా ఉంటాది’ అన్నాడొక కుర్రాడు.

అందం సంగతి కాదది. ఆయన 1984లో సైన్యంలో చేరాడు. ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరుగా మొదలై, హవల్దారుగా 2006లో రిటైరై ఇంటికొచ్చాడు. ఆ ఇరవై రెండేళ్లలో లారీ తోలని సరిహద్దు తక్కువ. కానీ 1999 వేసవిలో కార్గిల్‌లో ఫిరంగులు మోగుతున్నప్పుడు ఆయన అక్కడ లేడు. పంజాబ్ సరిహద్దులో ఉన్నాడు. యుద్ధం అటు కూడా పాకుతుందేమోనని మోహరించిన దళాలకు రాత్రీ పగలూ మందుగుండు మోశాడు. ఆ మోహరింపుకు దక్కిన పతకం వేరు. కార్గిల్ కొండల్లో ఉన్నవాళ్లకు దక్కిన నక్షత్రం వేరు.

ఈ తేడా తెలియాలంటే ఆయన ట్రంకుపెట్టె తెరవాల్సిందే.

ఆ సాయంత్రం తెరిచాడు కూడా. మనవడు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. కర్పూరం బిళ్లల వాసన. పైన డిశ్చార్జి బుక్కు, దాని కింద పాత పసుపు గుడ్డలో చుట్టిన పతకాల పట్టీ, అడుగున ఒక రేకు డబ్బా.

‘జేజినాయనా, ఇన్ని మెడల్సు ఎందుకిచ్చినారు? ఎంతమందిని కాల్చినావు?’

ఒక్కణ్ని కూడా కాల్చలేదంటే మనవడు నమ్మలేదు. పతకం అనగానే మనకు పరమవీర చక్ర, మహావీర చక్ర గుర్తొస్తాయి. అవి సాహసానికిచ్చేవి. సైనికుల ఛాతీల మీద కనిపించే రంగు రంగుల రిబ్బన్లలో ఎక్కువ భాగం అవి కావు. ‘ఫలానా కాలంలో ఫలానా చోట ఉన్నాడు’ అని చెప్పే సేవా పతకాలు. రాయడం చదవడం తెలిసినవాడికి అదొక బయోడేటా. రిబ్బన్ల వరస చూసి, ఈ మనిషి ఏ కొండ ఎక్కాడో, ఏ ఎడారిలో తిరిగాడో, ఎన్నేళ్లు నౌకరీ చేశాడో మరో సైనికుడు చెప్పేయగలడు. అందుకే అందులో ఒక్క అబద్ధం ఉన్నా మొత్తం పాడవుతుంది.

అర్హత నియమాలు వినడానికి మామూలుగానే ఉంటాయి. సర్కారు ఒక గీత గీస్తుంది, తేదీలు చెబుతుంది. కొన్నింటికి ఇన్ని రోజులని లెక్క కూడా పెడుతుంది. గీత లోపల, ఆ తేదీల మధ్య, యూనిట్ లెక్కలో నీ పేరుంటే పతకం నీది. లేకపోతే లేదు. ఎంత కష్టపడ్డావన్నది అక్కడ ప్రశ్న కాదు. 1971 యుద్ధానికి తూర్పున పోరాడినవారికి పూర్వీ స్టార్, పడమట పోరాడినవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. ఆ యుద్ధకాలపు సేవకు సంగ్రామ్ మెడల్ ఉంది. కార్గిల్‌కూ అలాగే రెండు. యుద్ధం జరిగిన నిర్ణీత ప్రాంతంలో ఉన్నవారికి ఆపరేషన్ విజయ్ స్టార్. మిగతా సరిహద్దుల్లో మోహరించినవారికి ఆపరేషన్ విజయ్ మెడల్. ఒకే ట్రైనింగ్ సెంటర్లో ఒకే కంచం చుట్టూ కూర్చున్న ఇద్దరిలో ఒకడికి నక్షత్రం, ఇంకొకడికి గుండ్రటి బిళ్ల. ఎవరు ఏ కాన్వాయ్‌లో పడ్డారన్నదే తేడా.

ఇది అన్యాయం కాదా అంటే... కావచ్చు. కానీ గీత ఎక్కడో ఒకచోట గీయాలి కదా.

పట్టీ మీద ఆరు పతకాలున్నాయి. ఛాతీ మధ్యకు దగ్గరగా ఉండేది పెద్దది, భుజం వైపు పోయేకొద్దీ చిన్నవి. మొదట ఆపరేషన్ విజయ్ మెడల్. తర్వాత ఆపరేషన్ పరాక్రమ్ మెడల్. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యం నెలల తరబడి సరిహద్దులో కాపు కాసింది కదా, అప్పటిది. మూడోది సైన్య సేవా మెడల్. దీని రిబ్బను మీద సన్నటి లోహపు పట్టీలు రెండున్నాయి. ఒకదాని మీద జమ్మూ కశ్మీర్, రెండోదాని మీద మరుస్థల్. కొత్త ప్రాంతంలో నిర్ణీత కాలం పూర్తిచేస్తే మళ్లీ పతకం ఇవ్వరు, ఆ పాత రిబ్బను మీదే ఒక పట్టీ చేరుస్తారు.

‘మరుస్థల్ అంటే?’ అన్నాడు మనవడు.

‘ఎడారి. రాజస్థాన్’ అని నవ్వాడాయన. ‘ఎండలో ఉన్నందుకు ఇచ్చేదైతే మన పత్తికొండోళ్లందరికీ రావల్ల.’

నాలుగోది 1997 ఆగస్టు 15న ఉద్యోగంలో ఉన్నవారందరికీ ఇచ్చిన స్వాతంత్ర్య స్వర్ణోత్సవ పతకం. చివరి రెండూ ఇరవయ్యేళ్ల సర్వీసుకూ తొమ్మిదేళ్ల సర్వీసుకూ. ప్రతి పతకం అంచున సన్నగా నంబరు, హోదా, పేరు ముద్రించి ఉన్నాయి. నకలు పతకాలు బజారులో దొరుకుతాయి కానీ ఆ అంచు, డిశ్చార్జి బుక్కులోని పేజీ రెండూ కలిస్తేనే లెక్క సరిపోయినట్టు.

రేకు డబ్బాలో ఇంకో రకం సరుకుంది. గుడ్డ బిళ్లలు. భుజం మీద కుట్టుకునేవి. ఏ కోర్ కింద, ఏ డివిజన్ కింద పనిచేస్తుంటే దాని గుర్తు. శ్రీనగర్‌లోని 15వ కోర్‌ది చినార్ ఆకు. ఆ ఆకు అంచులు దారాలు లేచిపోయి ఉన్నాయి. బదిలీ కాగానే దర్జీ దగ్గరికి పోయి పాతది విప్పించుకోవాలి, కొత్తది కుట్టించుకోవాలి. ‘నిన్నటి దాకా ఉన్నాను’ అంటే కుదరదు. అమెరికా సైన్యంలో పద్ధతి వేరు. వాళ్లు ఇప్పుడున్న దళం గుర్తును ఎడమ భుజానికీ, ఏ దళంతో కలిసి యుద్ధక్షేత్రానికి వెళ్లొచ్చారో దాని గుర్తును కుడి భుజానికీ పెట్టుకుంటారు. ఆ కుడి భుజం బిళ్ల ఎవరు పెట్టుకోవాలన్నదానికి అక్కడా పేజీల కొద్దీ నియమాలున్నాయి. మనవాళ్లకు గతమంతా రిబ్బన్లలోనే. భుజం మాత్రం ఇవాళ్టిది.

ఈ పట్టింపు మనకు కొత్తేమీ కాదు. 2019 ప్రపంచకప్‌లో ధోనీ కీపింగ్ గ్లౌజుల మీద బలిదాన్ చిహ్నం కనిపించి ఎంత గొడవైందో గుర్తుండే ఉంటుంది. అంతర్జాతీయ క్రికెట్ మండలి తన నిబంధనల ప్రకారం వద్దంది. దేశమంతా ఆ మాట మీదే కొట్టుకుంది. అసలా బ్యాడ్జి పారా స్పెషల్ ఫోర్సెస్ వాళ్లు ఎంత చెమటోడిస్తే వస్తుందన్న సంగతి మాత్రం తక్కువమంది మాట్లాడారు.

చట్టం కూడా ఉంది. సైనికుడు కానివాడు సైనికుడని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకున్నా, ఆ గుర్తులు పెట్టుకున్నా నేరమే. 1860 నాటి శిక్షాస్మృతిలో 140వ సెక్షన్ కింద మూడు నెలల జైలు లేదా అయిదు వందల జరిమానా, లేదా రెండూ. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 168వ సెక్షనైంది, జరిమానా రెండు వేలకు పెరిగింది. నమ్మించే ఉద్దేశం అన్న మాట ముఖ్యం. సంతలో కొన్న మచ్చల ప్యాంటు వేసుకుని గొర్రెలు కాసే పిల్లాణ్ని ఏ పోలీసూ పట్టుకోడు. ఫ్లెక్సీలో అతికించిన నక్షత్రానికీ కేసు కాదు. హవల్దారు గారి భయం పోలీసులది కాదు. రేపు సభకు ఆదోని నుంచో ఎమ్మిగనూరు నుంచో ఇంకో మాజీ సైనికుడొచ్చి ఆ ఫొటో చూస్తే? అతను ఏమీ అనడు. చూసి ఊరుకుంటాడు. అదీ భయం.

ఈ సీమ నుంచి నిజంగా ఆ మంచులోకి వెళ్లి తిరిగిరానివాళ్లున్నారు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, సుమారు 19,600 అడుగుల ఎత్తున సోనం పోస్టు మీద మంచు విరిగిపడింది. 19వ మద్రాస్ బెటాలియన్‌కు చెందిన పదిమంది అందులో కూరుకుపోయారు. వాళ్లలో ఒకరు సిపాయి ముస్తాక్ అహ్మద్. బండి ఆత్మకూరు మండలం పార్నపల్లె. అప్పుడది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. అయిదు రోజులయ్యాక కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ఊపిరితో దొరికినప్పుడు, మిగతావాళ్లూ బతికే ఉంటారేమోనని ఇక్కడి ఇళ్లలోనూ టీవీల ముందు కూర్చున్నారు. ఫిబ్రవరి 11న హనుమంతప్ప కూడా ఢిల్లీలో కన్నుమూశాడు. నలభై అయిదు డిగ్రీల ఎండ తెలిసిన ఊరి పిల్లాడు, సున్నాకు అన్ని డిగ్రీల కింద కాపలా ఉన్నాడు. సియాచిన్ గ్లేసియర్ మెడల్ అన్నది అలాంటి చోటు కోసమే. ఇలాంటి పతకాల ఉత్తర్వుల్లో మామూలుగా ఒక మాట ఉంటుంది... చనిపోయినవారికీ, గాయపడి వెనక్కి వచ్చినవారికీ రోజుల లెక్క వర్తించదని. నియమాల కాగితంలో మనసున్న వాక్యం అదొక్కటే అనిపిస్తుంది.

పతకాల పట్టీని మళ్లీ గుడ్డలో చుడుతుండగా ఆమె వచ్చింది. కడప జిల్లా మైదుకూరు వైపు నుంచి అన్నగారింటికి నాలుగు రోజులుండడానికి వచ్చిన మనిషి. ఈయనకు వరసకు చెల్లెలు. భర్త సైన్యంలో ఉండగానే పోయాడు. తొమ్మిదేళ్లయింది. చేతిసంచీలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి ఆయన ముందు పెట్టింది. మూత తీస్తే మూడు పతకాలు.

‘బీరువాలోనే ఉండాయన్నా. ఎల్లుండి సభకు తెచ్చి ఫొటో ముందర పెడదామని తెచ్చినా. చూసినోళ్లు ఏమన్నా అనుకుంటారా?’

‘పెట్టడమెందుకమ్మా? నువ్వే పెట్టుకో.’

ఆమె అర్థంకానట్టు చూసింది. ‘నేనా? నేనెట్ల పెట్టుకుంటా? ఆయనవి కదా?’

ఆమె అన్నదే అసలు నియమం. పతకం సంపాదించినవాడిదే, ఇంకొకరు పెట్టుకోకూడదు. కానీ ఒక మినహాయింపుంది. అమరులైన సైనికుల దగ్గరి బంధువులు, శ్రద్ధాంజలి ఘటించే సందర్భాల్లో ఆ పతకాలు ధరించడానికి సైన్యం అనుమతించింది. ఒకటే షరతు, కుడివైపు పెట్టుకోవాలి. సొంతవాడికి ఎడమవైపు, గుండె మీద. ఇంట్లోవాళ్లకు కుడివైపు. కుడివైపు పతకాలున్న మనిషి కనిపిస్తే, అవి పెట్టుకోవాల్సిన మనిషి లేడని అర్థం. చూసినవాడు ఒక్క ప్రశ్న కూడా అడగనక్కర్లేదు.

ఆయన ఇదంతా చెబుతుంటే ఆమె ఆ మూడు పతకాలనూ ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చుంది. ‘కుడివైపా?’ అని రెండుసార్లు అడిగింది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫ్లెక్సీ వేసినతని దగ్గరికి వెళ్లాడు. మొత్తం మళ్లీ వేయాలంటే కుర్రాళ్లకు ఖర్చు. బేరమాడి, యూనిఫాం రంగు స్టిక్కరు ముక్క తీసుకుని తనే నిచ్చెనెక్కి నక్షత్రం మీద అంటించాడు. ‘కార్గిల్ వీరునికి’ అన్నచోట ‘మాజీ సైనికునికి’ అని కాగితం అతికించాడు. జిగురు ఎక్కువై ఒక మూల ముడత పడింది. ‘నీ ఇష్టం మామా’ అన్నారు కుర్రాళ్లు. వాళ్ల ముఖాల్లో కొంచెం నిరాశ కనిపించింది. కార్గిల్ వీరుడున్న ఊరు అనిపించుకోవడానికి వాళ్లకున్న ఒకే ఒక్క అవకాశం పోయింది మరి.

సభలో ఎక్కువసేపు మాట్లాడలేదాయన. తొమ్మిదో తరగతి పిల్లాడు లేచి ‘సార్, మీరు యుద్ధం చేసినారా?’ అని అడిగాడు.

‘కార్గిల్‌కు నేను పోలేదు నాయనా. లైట్లార్పుకోని రాత్రిళ్లు లారీ తోలినా. పోయినోళ్ల పేర్లు చెప్తా, రాసుకోండి’ అని జేబులోంచి కాగితం తీశాడు.

అంతకు ముందు, బడి వరండాలో చిన్న చిక్కొచ్చింది. చీరకట్టులో పమిట ఉండేది ఎడమ భుజం మీద. కుడివైపు పట్టీ గుచ్చాలంటే జాకెట్టు ఒక్కటే ఆధారం. ఆ బరువుకు పల్చటి గుడ్డ కిందికి లాగేస్తోంది. చివరికి ఆయన కోడలు చేతిరుమాలు నాలుగు మడతలేసి లోపల పెట్టి, రెండు పిన్నీసులతో నిలబెట్టింది. మనవడు దగ్గరికొచ్చి వంగి, మొదటి పతకం అంచున ఏముందో కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు. మొదటి మూడు అంకెలు చదివాడు, తర్వాతవి అరిగిపోయి కనపడలేదు.

మిగతా అంకెలు ఆమె చూడకుండానే చెప్పింది.